ఆరు చుక్కల నీలం

మా రంగులో ఎవరో నీలం కలుపుతున్నారన్న సంగతి నాకు తట్టేటప్పటికి జడ్జిగారింట్లో మేం పని మొదలుపెట్టి పదకొండు రోజులైంది. అప్పటికే సగం హాలు పాడైంది.

ఆ రోజు పొద్దున మేం వెళ్ళేసరికి జడ్జిగారు హాలు మధ్యలో నిలబడి ఉన్నారు. చేతిలో జానెడు చెక్కపలక, దాని మీద తేనెరంగు రాయి నమూనా, వెనకవైపు ఆవిడ సంతకం, తేదీ. ముప్ఫై ఏళ్ళు కోర్టులో కూర్చుని రిటైరైన మనిషి. సంతకం లేనిదే పాలు పోసేవాణ్ణి కూడా నమ్మరు. ఆ పలకను గోడకి ఆనించి, నా వైపు తిరిగి, గొంతు ఏమాత్రం పెంచకుండా అడిగారు.

"ఇది అదేనా?"

కాదు. కాదని పసిపిల్లలకైనా తెలుస్తుంది. పలక ఎండలో ఆరబోసిన ధాన్యంలా వెచ్చగా ఉంది. గోడేమో నీలిమందు ఎక్కువైన తెల్లచొక్కాలా ఉంది. నేను కలిపింది ఈ రంగు కాదని చెప్పాను. మరి ఎవరు కలిపారన్నారు జడ్జిగారు. అదే నాకూ తెలియాలి.

మాది గోడలకి అబద్ధాలు నేర్పే కుటుంబం. సిమెంటు గోడని రాయిలా, చవక చెక్కని టేకులా, మూసుకుపోయిన గోడని తెరిచిన కిటికీలా కనిపింపజేస్తాం. మామయ్య నలభై ఏళ్ళుగా చేస్తున్న పని అదే. నిచ్చెనలు, లప్పం, అడుగు పూతలు, పైకప్పులు మా ఆయనవి. నేను పెళ్ళైన ఏడాది ఉప్పుకాగితంతో గోడలు రుద్దడం మొదలుపెట్టి, పన్నెండేళ్ళకి రాతి చారలు గీసేదాకా వచ్చాను. రంగు కలిపే కర్ర మాత్రం మామయ్య ఎవరి చేతికీ ఇవ్వలేదు. చారలు ఎవరైనా గీస్తారు, మా పనిలో రంగు కలిపేవాడే మేస్త్రీ.

ఆ వేసవిలో ఇచ్చారు. జడ్జిగారిల్లు మొదలుపెట్టిన రోజున కర్ర నా చేతిలో పెట్టి, ఈ ఇల్లు సరిగ్గా తేలితే ఇక అది నాదేనన్నారు. తేలకపోతే తన తమ్ముడి కొడుకుని పిలిపిస్తానన్నారు. ఆ తమ్ముడి కొడుకు పొరుగూళ్ళో దుకాణాల బోర్డులు రాస్తాడు. ఎరుపూ పసుపూ కాకుండా మూడో రంగు ఒకటుందని వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. వాడొస్తే నేను మళ్ళీ ఉప్పుకాగితానికే. అంతా చదివించి ఒకటో తరగతికి పంపినట్టు.

జడ్జిగారిల్లు కూడా అలాంటిలాంటి ఇల్లు కాదు. తోడబుట్టినవాళ్ళంతా పంచుకోగా మిగిలిన వాటా. బతుకంతా ఊళ్ళోవాళ్ళ ఆస్తులు పంచిన మనిషికి తన వంతొచ్చేసరికి ఆ ఇంట్లోకెల్లా పనికిరాని ముక్క దక్కింది. హాలు రైలుపెట్టెలా పొడుగు. ఒకప్పుడు గోడ ఉన్నచోట ఒక లావాటి స్తంభం, దారికి అడ్డంగా, అడగని సలహాలా నిలబడి ఉంటుంది. పైన ఒక దూలం, తల మీద పడుతుందేమో అన్నంత కిందికి. అన్నం తినే గదికి కిటికీయే లేదు. ఆ వైపు కిటికీలన్నీ ఆవిడ తమ్ముడి వాటాలోకి పోయాయి.

మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని ఒక గంటసేపు ఇల్లంతా తిరిగారు. ఇంటిని మార్చలేం గనక చూసే కంటిని మారుద్దామన్నారు. హాలు చివరి గోడకి ముదురు ఇటుకరంగు వేస్తే అది నాలుగడుగులు ముందుకొచ్చినట్టుండి పొడుగు తగ్గుతుంది. దూలానికి పైకప్పు రంగే వేసి అంచుల్లో నీడలు చంపేస్తే కంటికి ఆనదు. పక్కగోడలకి తేనెరంగు రాతిదిమ్మెలు. కిటికీ లేని గదికి కిటికీ గీసేద్దాం. స్తంభం సంగతి తనకి వదిలేయమన్నారు. జడ్జిగారు మామయ్య పాత పలకల కట్టలోంచి తేనెరాయిని ఏరుకుని సంతకం పెట్టారు. అంతవరకూ నల్లేరు మీద నడకే, పేచీ లేదు.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. తోటి పనివాడి రంగు తప్పితే ఇంటివాళ్ళ ముందు ఆ మాట నోటితో అనకూడదు, చేత్తో దిద్దేయాలి. మామయ్యకి వాళ్ళ గురువు నేర్పింది, మామయ్య మాకు నేర్పారు. ఎవరి పరువూ పోదు, పని ఆగదు. పన్నెండేళ్ళలో నా చారల్ని ఆయన ఎన్నిసార్లు చడీచప్పుడు లేకుండా దిద్దారో లెక్కలేదు. వెళ్ళి చూసేసరికి సరిగ్గా ఉండేవి, అంతే. అందుకని పదకొండో రోజున నేను కూడా నోరెత్తకుండా కొత్త డబ్బా తీశాను.

పొద్దున తొమ్మిదింటికి కలిపి, చుక్క కాగితం మీద ఆరబెట్టి, పలక పక్కన పెట్టి చూశాను. అచ్చు గుద్దినట్టుంది. మూత బిగించి, గోడ మీద దిమ్మెల గీతలు కొట్టుకుంటూ కూర్చున్నాను. భోజనాలయ్యాక మా ఆయన ఆ డబ్బా తెరిచి రోలరుతో పూత వేశాడు. తడి రంగు ఎప్పుడూ కొంచెం వేరుగానే కనపడుతుంది గనక అప్పుడేమీ తెలియదు. సాయంత్రానికి ఆరింది.

నీలం.

పక్కనే మామయ్య. గోడ మీద అరచెయ్యి ఆనించి, తలాడించి, "ఇవాళ కుదిరిందమ్మాయ్" అన్నారు.

ఆ ఒక్కమాటతో నా బుర్ర తిరిగిపోయింది. కళ్ళ ముందు నీలం. నలభై ఏళ్ళ మేస్త్రీ కుదిరిందంటున్నారు. జడ్జిగారు కుదరలేదంటున్నారు. ఇంటికెళ్ళి పాలగిన్నె చూశాను, ఉతికిన దుప్పటి చూశాను, నా అరచేతులు చూసుకున్నాను. అన్నీ వాటి వాటి రంగుల్లోనే ఉన్నాయి. ఆయనేదో నన్ను బుజ్జగించడానికి అంటున్నారనుకుని మర్నాడు దొంగని పట్టే పనిలో పడ్డాను.

మొదటి అనుమానం దుకాణం మీద. మా ఆయన చంకలో డబ్బా పెట్టి పంపాను. దుకాణం వాడు అదే సరుకులో నాలుగు డబ్బాలు తెరిచి తెల్లకాగితం మీద గీసి చూపించాడట. నాలుగూ ముత్యాల్లా ఉన్నాయట. డబ్బాలో తేడా లేదు, ఇంట్లో ఎవరితోనైనా తేడాలున్నాయేమో చూసుకోమన్నాడట. ఆ మాట కూడా మోసుకొచ్చి నాకు చెప్పాడు మా ఆయన. బరువు మోయడం ఆయన వృత్తి.

రెండో అనుమానం దీపాల మీద. తెల్లటి ట్యూబులైటు కింద మంచి మంచి రంగులే శవాల్లా తేలిపోతాయి. జడ్జిగారిచేత అన్నీ ఆర్పించి, కర్టెన్లు విప్పించి, పగటి వెలుగులో చూశాం. ఆవిడ చేతులు కట్టుకుని అరగంట నా పక్కన నిలబడ్డారు. నీలం నీలంగానే ఉంది. "నిందితుడు దీపం కాదన్నమాట" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది వడ్రంగి. ఊళ్ళో అందరూ అతన్ని మేకు అంటారు. సన్నగా ఉంటాడు, గుచ్చుకుంటాడు. నా మీద అతనికి పాత కక్ష ఉంది. రెండేళ్ళ క్రితం ఒక ఇంట్లో నేను చవక తలుపులకి టేకు చారలు వేస్తే, ఇంటివాళ్ళు అవి చూసి మురిసిపోయి, అతనికి చెప్పిన అసలు టేకు తలుపులు వద్దనేశారు. అప్పటినుంచి నేను కనపడితే ఉలి నూరుతాడు. జడ్జిగారింట్లో అలమరాలు అతనే చేస్తున్నాడు. పైగా మధ్యాహ్నం మేం వెనక వసారాలో తింటున్నప్పుడు హాల్లోకి వచ్చిపోయేది అతనొక్కడే.

పద్నాలుగో రోజున రంపం దగ్గర పట్టుకుని మొహం మీదే అడిగేశాను. అతను రంపం ఆపలేదు.

"నేనెందుకు కలుపుతానమ్మా. నీ గోడ పాడైతే నీ మామగారు నిన్ను తీసేస్తాడు. బోర్డులు రాసే మొనగాడొస్తాడు. వాడు నాకు తలుపులు రాసిపెడతాడా, కిటికీలు రాసిపెడతాడా? తెలిసిన శత్రువే మేలు."

అని, నా మాటకి మనసు నొచ్చుకున్నవాడిలా రెండు రోజులు పనికి రాలేదు. అలమరాలు ఆగిపోయాయి. అందుకూ కారణం నేనేనని జడ్జిగారు నమోదు చేసుకున్నారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవలసింది. కానీ ఇక్కడ కందా నేనే, కత్తిపీటా నేనే.

మేకు లేని ఆ రెండు రోజులూ గోడ నీలంగానే ఆరింది. ఇంట్లో నాకు తిండి సహించలేదు. మా ఆయన్ని కూడా అనుమానించాను, దాచడమెందుకు. ఆ బోర్డులు రాసే తమ్ముడొస్తే నిచ్చెన మోసే బాధ సగం తగ్గుతుందని ఈయనే కలుపుతున్నాడేమో అనుకున్నాను. అన్నం వడ్డిస్తూ గుచ్చి గుచ్చి చూస్తే, కూరలో ఉప్పు తక్కువైందని తానేమీ అనలేదే అన్నాడు భయంగా.

పదిహేడో రోజున ఉచ్చు పన్నాను. పొద్దున కలిపిన డబ్బాకి మూత బిగించి, అంచు మీద నా తలవెంట్రుక ఒకటి అడ్డంగా అంటించాను. మధ్యాహ్నం తలనొప్పి వంక పెట్టి భోజనానికి వెళ్ళకుండా, కిటికీ లేని గదిలోకి దూరి, గుమ్మానికి వేలాడుతున్న రంగుమరకల దుప్పటి వెనక కూర్చున్నాను. గోడ మీద మామయ్య సగం గీసిన కిటికీ ఉంది. తెరిచిన రెక్క, గడియ, దాని నీడ. అంతకుముందు రోజే పనిమనిషి గాలి కోసం దాన్ని తీయబోయి గోరు విరగ్గొట్టుకుంది. దుప్పటి చిరుగులోంచి హాలంతా కనపడుతోంది.

పది నిమిషాలకి ఎవరో చెప్పులు విడిచి లోపలికొచ్చారు.

మామయ్య.

డబ్బా ముందు గొంతుకూర్చున్నారు. మూత సందులో స్క్రూడ్రైవరు పెట్టి శబ్దం రాకుండా లేపారు. కర్రతో తిప్పి చూశారు, నిట్టూర్చారు. చొక్కాజేబులోంచి చిన్న సీసా తీశారు. నీలం సీసా. ఒకటి, రెండు, మూడు... పెదవులు కదుపుతూ ఆరు చుక్కలు లెక్కపెట్టి వేశారు. మెల్లగా, అడుగునుంచి పైకి, నాకు నేర్పినట్టే తిప్పారు. అంచులు తుడిచారు. సుత్తి వాడకుండా అరచేత్తో నొక్కి మూత బిగించారు. కంచే చేను మేస్తోంది. అరవడానికి నోరు తెరిచాను.

అప్పుడే మా ఆయన రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో వచ్చాడు. తండ్రి చేతిలో సీసా చూశాడు. ఏమీ ఆశ్చర్యపోలేదు. టీ అందించాడు.

"తనకి చెప్పకురా" అన్నారు మామయ్య. "ఈమధ్య తన చేతికి పసుపు ఎక్కువ పడుతోంది. ఎక్కడ చూసినా పసుపే. ఒట్టి హడావిడి, మెల్లగా అదే సర్దుకుంటుంది. ఈ ఇల్లొక్కటి గట్టెక్కించేస్తే చాలు. అంత బాగా చారలు గీసే పిల్ల, ఈ కర్రొక్కటీ అందక ఆగిపోకూడదు."

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. నన్ను ముంచుతున్న మనిషి నన్ను ఒడ్డున పడేయడానికి ఒళ్ళు దాచుకోకుండా కష్టపడుతున్నాడు. ఇప్పుడు నేనెవర్ని తిట్టాలి?

ఒకడు దొరికాడు. ఆ సాయంత్రం పెరట్లో కుళాయి దగ్గర బ్రష్షులు కడుగుతుంటే మా ఆయన్ని నిలదీశాను. ఎప్పటినుంచి తెలుసని అడిగితే రెండో రోజునుంచీ అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నాన్న చెప్పొద్దన్నాడు."

"గోడ నీలంగా ఉందని నీకు కనపడలేదా?"

"కనపడింది."

"మరి?"

బ్రష్షు విదిలించి, కుళాయి కట్టేసి, చాలా ఆలోచించి చెప్పాడు. "నాన్నకి కనపడలేదు కదా. నా కళ్ళే ఏదో అయ్యాయనుకున్నా."

తలకొట్టుకోవాలనిపించింది. నాది వేరే కథా? నేనూ పాలగిన్నెలోకి తొంగిచూసినదాన్నే. మాకు కళ్ళున్నది ఆయన చెప్పింది చూడటానికే అన్నట్టు పెంచారు, పెరిగాం. ఇద్దరం ఇన్ని రోజులుగా ఒకే గోడ ముందు నిలబడి ఎవరి కళ్ళని వాళ్ళం అనుమానించుకుంటున్నాం. సంతకం పెట్టిన ఆవిడొక్కతే తన కళ్ళని నమ్ముకుంది.

మరి పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? మా ఆయన కట్టడు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామా మామయ్యా అని నేనే ఒకసారి దారి తీశాను. ఎందుకు, నీకేమైనా ఇబ్బందిగా ఉందా అని నా వైపు చాలా జాలిగా చూశారు. రోజూ కాసేపు పచ్చని చెట్లవైపు చూస్తే మంచిదని సలహా కూడా ఇచ్చారు.

అప్పుడు నేను తెలివితక్కువ పని చేశాను. నోటితో అనకూడదు, చేత్తో దిద్దాలి కదా, దిద్దాను. ఆయన ఆరు చుక్కల నీలం వేసి వెళ్ళాక, నేను వెళ్ళి దానికి సరిపడా పసుపుమట్టి రంగు పోశాను. మర్నాడు ఆయనకి పసుపు మరీ ఎక్కువైనట్టు అనిపించి పది చుక్కలు వేశారు. నేను ఇంకో గరిటెడు పసుపు పోశాను. మా ఆయన భోజనం మానేసి గుమ్మం దగ్గర కాపలా, మామయ్య వెళ్ళగానే నాకు సైగ. నీలమూ పసుపూ కలిస్తే ఏమవుతుందో బడికెళ్ళే పిల్లల్ని అడిగినా చెప్తారు. ఇరవయ్యో రోజు సాయంత్రానికి హాలు పాడుబడ్డ బావిలా పాచిరంగు తిరిగింది.

జడ్జిగారు చాలాసేపు చూశారు. ఈసారి పలక కూడా తేలేదు.

"శనివారం సాయంత్రానికి ఈ గోడలు నేను సంతకం పెట్టిన రంగులో ఉండాలి" అన్నారు. "లేకపోతే ఆదివారం మీ నిచ్చెనలు గేటు బయట ఉంటాయి. మూడు రోజులు చాలు కదా?"

చాలన్నాను. మామయ్య నా పక్కనే ఉన్నారు. ఆయన మొహంలో కోపం లేదు. తన తమ్ముడి కొడుక్కి కబురు చేయక తప్పదేమోనన్న బాధ ఉంది. నన్ను ఇక కాపాడలేనన్న బాధ. అది చూశాక నాకు రాత్రంతా ఒళ్ళు మండుతూనే ఉంది. ఎవరి మీదో తెలియదు.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళి, జడ్జిగారిని అడిగి ఆ పలక తీసుకున్నాను. అలాంటివే ఇంకో మూడు పలకలు సిద్ధం చేసుకెళ్ళాను. ఒకటి ఒట్టి తెలుపు, ఒకటి ఆరు చుక్కల నీలం కలిపింది, ఒకటి నేను పొద్దున కలిపింది. నాలుగింటి మీదా మధ్యలో అరచెయ్యంత కన్నం ఉన్న అట్టలు కప్పి, వసారాలో మంచి వెలుగున్నచోట బల్ల మీద వరసగా పెట్టాను. మామయ్య రాగానే, తేల్చుకోలేకపోతున్నాను, ఒక్కసారి చూసిపెట్టమన్నాను. అది నిజమే కూడా.

ఆయన వంగి చూశారు. తెల్లదాన్ని చూసి ఇది మీగడరంగు, పనికిరాదన్నారు. నీలం కలిపినదాని మీద వేలు పెట్టి, ఇదీ తేనెరాయంటే అన్నారు. నేను కలిపినదాన్ని మొహమాటపడుతూ పక్కకి జరిపారు. నాలుగోదాని దగ్గర ఆగిపోయారు. చెయ్యడ్డం పెట్టి నీడలో చూశారు, మళ్ళీ ఎండలో చూశారు.

"ఇందులో మరీ పసుపు పోసేశారు. పని మాత్రం మంచి చెయ్యే. ఎవరు కలిపారిది?"

అట్ట తీసేసి పలక తిరగేసి ఆయన చేతిలో పెట్టాను.

జడ్జిగారి సంతకం కింద, పెన్సిలుతో, గుండ్రటి అక్షరాల్లో రంగుల పాళ్ళు రాసి ఉన్నాయి. తెలుపు ఇంత, పసుపుమట్టి ఇంత, గోధుమరంగు చారెడు. కింద తేదీ. ఆరేళ్ళ కిందటిది. ఆయన దస్తూరీ.

మామయ్య చదివారు. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి చదివారు. పలకని బల్ల మీద పెట్టి, జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నారు. చేతులకేమీ అంటలేదు. తర్వాత ఆ జేబులోంచే సీసా తీసి, నా పలకల పక్కన పెట్టి, పొద్దున పదింటికే ఇంటికి వెళ్ళిపోయారు. గేటు దగ్గర మేకు ఎదురై ఏంటి పెద్దాయనా అప్పుడే అని అడిగితే, ఇవాళ ఎండ బాగా పసుపుగా ఉందన్నారట.

ఆ మూడు రోజులూ మేమిద్దరమే చేశాం. హాలంతా మళ్ళీ తెలుపు కొట్టి, మళ్ళీ తేనెరంగు, మళ్ళీ దిమ్మెలు, మళ్ళీ చారలు. మబ్బులు పట్టి పూత ఓ పట్టాన ఆరేది కాదు. మేకు అడక్కుండానే తన పెద్ద ఫ్యాను తెచ్చి గోడకి ఎదురుగా పెట్టాడు. కృతజ్ఞతలు చెప్పబోతే, రంపంపొట్టు ఎగరడానికి పెట్టుకున్నానన్నాడు. శనివారం సాయంత్రం జడ్జిగారు పలక తెచ్చి నాలుగు చోట్ల ఆనించి చూశారు. నాలుగో చోట పలక ఏదో గోడ ఏదో ఆవిడకి తెలియలేదు. మిగతా గదులు కూడా కానివ్వమన్నారు.

కానీ గోడలు దారికొచ్చేసరికి కొత్త గండం కనిపించింది. స్తంభం. అది మామయ్య మొదటి వారంలో ఒంటిచేత్తో, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా చేసింది. గోడలన్నీ నీలంగా ఉన్నన్నాళ్ళూ తెలియలేదు. ఇప్పుడు తేనెరంగు హాలు మధ్యలో నీలపు రాయిలా, సన్నటి పొగలాంటి చారలతో నిలబడి ఉంది. సోమవారానికల్లా మార్చేస్తానని తడబడుతూ చెప్పాను.

జడ్జిగారు వీధిగుమ్మం దాకా వెళ్ళి అక్కణ్ణుంచి చూశారు. ఇటు వంటింటి దగ్గరికొచ్చి చూశారు. "దీన్ని ముట్టుకోవద్దు" అన్నారు. ఎందుకో నాకూ అప్పుడే తెలిసింది. వెచ్చటి రంగు మీదికొస్తుంది, చల్లటి రంగు వెనక్కి పోతుంది. గోడలు దగ్గరికొచ్చాయి, స్తంభం సన్నబడి నాలుగడుగులు దూరం జరిగింది. అన్నాళ్ళూ అందరం చెయ్యి అడ్డం పెట్టుకుని దాని పక్కనుంచి వెళ్ళేవాళ్ళం. ఆ సాయంత్రం ఆవిడ దాని పక్కనుంచి చూడకుండా నడిచి వెళ్ళిపోయారు.

మామయ్య ఇంట్లో నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఐదో రోజున, మీ డాక్టరు ఎక్కడుంటాడని తనే అడిగారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయన్నాడు డాక్టరు. ఎన్నేళ్ళుగానో పసుపు అద్దంలోంచి చూస్తున్నట్టు చూస్తున్నారట. మెల్లగా ముదిరే జబ్బు గనక తెలియదట. ముందు కుడికన్ను, నెల తర్వాత ఎడమది చేస్తానని రెండు తేదీలూ రాసిచ్చాడు. ఆ కాగితం నా చేతికిచ్చి, ఇంకేం, నువ్వే దగ్గరుండి చేయించు అన్నారు మామయ్య, తప్పంతా నాదే అన్నట్టు.

వానలు మొదలైన వారానికి ఇల్లు పూర్తయింది. అప్పగించే రోజున మామయ్య కూడా వస్తానన్నారు. కుడికన్నుకి ఆపరేషనై మూడు వారాలు దాటింది. నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని గోడలన్నీ తిరిగి తిరిగి చూశారు. ఒకచోట చార మరీ నిటారుగా ఉందన్నారు. నిజమే. మేడ మీద గది ఎప్పుడు మొదలుపెడతారని జడ్జిగారు అడిగితే, అమ్మాయిని అడగండి, రంగు తనది అని చెప్పి ముందుకి నడిచారు. నేను పన్నెండేళ్ళు ఎదురుచూసిన మాట. దానికి మురిసిపోయే తీరిక కూడా ఇవ్వకుండా ఆయన స్తంభం దగ్గరికి వెళ్ళిపోయారు.

చాలాసేపు అక్కడే నిలబడ్డారు. అరచేత్తో ఎడమకన్ను మూసుకుని చూశారు. చెయ్యి మార్చి కుడికన్ను మూసుకుని చూశారు. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. జడ్జిగారు అది గమనించి, కాఫీ పెట్టిస్తానని లోపలికి వెళ్ళిపోయారు.

నేను పక్కకి వెళ్ళాను. "నేను తేనెరంగే వేశానమ్మాయ్" అన్నారు నెమ్మదిగా.

తెలుసన్నాను. ఏదో ఒకటి అనాలి గనక, జడ్జిగారికి ఈ హాల్లోకెల్లా ఇదే నచ్చిందని, దీన్ని ముట్టుకోనివ్వలేదని చెప్పాను. విన్నారో లేదో తెలియదు. వచ్చే గురువారం రెండో కన్నుకి రమ్మన్నారని, ఆ రోజు మా ఆయన ఆటో మాట్లాడి ఉంచుతాడని గుర్తుచేశాను.

"రెండోది అప్పుడే వద్దులే" అన్నారు.

నాకు ఎక్కడలేని చిరాకూ వచ్చింది. పళ్ళు బిగబట్టి, గొంతు తగ్గించి, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను. ఒక కంటితో నిచ్చెన ఎక్కితే మెట్టు అందదని చెప్పాను. ముదరబెడితే తర్వాత కష్టమని డాక్టరు అన్నది చెప్పాను. తేదీ దొరకడానికి ఎంతసేపు బల్ల మీద కూర్చున్నానో చెప్పాను. ఈ వేసవంతా మీ మొండితనంతో నేను పడిన పాట్లు చాలవా అని కూడా అనేశాను. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆయనతో అంత మాట అనడం అదే మొదలు.

మామయ్య అంతా విన్నారు. అరచేత్తో కుడికన్ను మూసుకుని, మిగిలిన కంటితో స్తంభాన్ని కిందినుంచి పైదాకా చూశారు.

"ఈ కంటికి నా పని ఇంకా బాగానే ఉందమ్మా" అన్నారు.

నిచ్చెన దింపుతున్న మా ఆయన ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నాను.

మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ మార్పించాను. ఆ ఏడాదిలోనే ఇంకో రెండుసార్లు మార్పించాను. ఆ రెండుసార్లూ ఆయన అడగలేదు.